ఓడలోకి వచ్చిన నీళ్లు: 1946 బికినీ పరీక్షల్లో నావికులు

అందరికీ నమస్కారం. ఇంత వానలో కూడా వచ్చి కూర్చున్నందుకు ధన్యవాదాలు.

నేను ఓడల్లో ఇంజన్ రూము పని చేసి రిటైరైనవాణ్ణి. అణుశాస్త్రం నా చదువు కాదు. అయినా బికినీ పరీక్షల గురించి మాట్లాడమంటే ఒప్పుకున్నాను. ఎందుకంటే అక్కడి నావికులు చేసిన పనులు నాకు తెలుసు. డెక్ కడగడం తెలుసు. ఎవాపరేటర్ విప్పి శుభ్రం చేయడం తెలుసు. కాబట్టి బాంబు సంగతి తర్వాత చెప్తాను, ముందు ఎవాపరేటర్ సంగతి చెప్తాను.

ఓడలో తాగే నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయని మా మనవరాలు ఒకసారి అడిగింది. రేవులో నింపుకుంటారా తాతయ్యా అంది. నింపుకుంటాం, కానీ అవి చాలవు. మనుషులు తాగాలి, వంట కావాలి, అన్నిటికంటే ముందు బాయిలర్‌కి మంచినీళ్లు కావాలి. అందుకని ఓడలోనే సముద్రపు నీళ్లను మరిగించి, ఆ ఆవిరిని చల్లార్చి మంచినీళ్లు తయారు చేసుకుంటాం. ఆ యంత్రమే ఎవాపరేటర్. ఆవిరి పైకి పోతుంది. నీళ్లలో ఉన్న మిగతా సరుకంతా కిందే ఉండిపోయి, గొట్టాల మీద తెల్లగా, రాయిలాగా పేరుకుంటుంది. దాన్ని స్కేల్ అంటాం. మీ ఇళ్లలో గీజర్ రాడ్‌కి పడుతుందే తెల్ల పెచ్చు, అలాంటిదే. కొన్నాళ్లకోసారి యంత్రం విప్పి ఆ పెచ్చుని సుత్తితో కొట్టి, గీకి ఊడదీయాలి. ఆ పని చేసిన రోజు పొడి జుట్టులో ఉంటుంది, ముక్కులో ఉంటుంది, పళ్ల మధ్య కరకరలాడుతుంది. స్నానం చేసినా మర్నాటి దాకా నోట్లో ఆ రుచి పోదు.

ఇదొక్కటే కాదు. ఇంజన్‌లో వాడిన ఆవిరిని మళ్లీ నీళ్లుగా మార్చే కండెన్సర్ చల్లార్చడానికి సముద్రపు నీళ్లే. మంటలార్పే గొట్టాల్లో, డెక్ కడగడానికి, మరుగుదొడ్లకి అవే నీళ్లు. ఓడ అడుగు భాగానికి నాచు పడుతుంది, బార్నకిల్స్ అనే గట్టి పెంకు పురుగులు పడతాయి, అవి కూడా ఆ నీళ్లు తాగే బతుకుతాయి. బయటివాళ్లకి ఓడ నీళ్ల మీద తేలుతున్నట్టు కనిపిస్తుంది. లోపలున్నవాడికి మాత్రం నీళ్లు ఓడ గుండా రాత్రీ పగలూ పారుతూనే ఉంటాయి. ఇది గుర్తుంచుకోండి.

ఇప్పుడు 1946కి వద్దాం. యుద్ధం ముగిసి ఏడాది కూడా కాలేదు. హిరోషిమా, నాగసాకి తర్వాత అమెరికాలో ఒక వాదన లేచింది. ఒక్క బాంబుతో ఊరే పోతుంటే ఇంక యుద్ధనౌకలు ఎందుకు అని. వైమానిక దళం వాళ్లకు ఆ వాదన నచ్చింది, నౌకాదళానికి నచ్చలేదు. సరే, ఓడల మీదే వేసి చూద్దాం అనుకున్నారు. దానికి ఆపరేషన్ క్రాస్‌రోడ్స్ అని పేరు పెట్టారు. పసిఫిక్ సముద్రంలో మార్షల్ దీవుల్లో ఉన్న బికినీని ఎంచుకున్నారు. బికినీ అంటే ఒక దీవి కాదు. చిన్న చిన్న పగడపు దీవులు ఉంగరంలా చుట్టుకుని ఉంటాయి, మధ్యలో పెద్ద ఉప్పునీటి మడుగు ఉంటుంది. ఓడలు లంగరు వేయడానికి అనువైన చోటు.

అక్కడ 167 మంది కాపురం ఉండేవారు. 1946 ఫిబ్రవరిలో సైనిక గవర్నరు బెన్ వయట్ వచ్చి, మానవాళి మేలు కోసం కొన్నాళ్లు ఊరు ఖాళీ చేయమని అడిగాడు. మార్చిలో వాళ్లను రాంగరిక్ అనే చోటికి తరలించారు. అక్కడ తిండి చాలక పస్తులు పడ్డారు. ఆ కొన్నాళ్లు ఇప్పటికీ పూర్తి కాలేదు. వాళ్ల కథ ఒక పూట చెప్పాల్సిన కథ. దాన్ని ఇవాళ ఇంతటితో ఆపుతున్నందుకు నాకు కష్టంగానే ఉంది.

మడుగులోకి తొంభైకి పైగా ఓడలు, పడవలు తెచ్చి నిలబెట్టారు. ఇవి లక్ష్యాలు. అమెరికా పాత యుద్ధనౌకలు నెవాడా, ఆర్కన్సా. విమానవాహక నౌకలు సరటోగా, ఇండిపెండెన్స్. జర్మనీ నుంచి పట్టుకొచ్చిన ప్రింజ్ యూజెన్. పెర్ల్ హార్బర్ దాడి నాడు జపాన్ నౌకాదళాధిపతి యమమోటో ఉన్న నగాటో. వీటికి తోడు పరీక్ష పని చేయడానికి 150కి పైగా ఓడలు, అన్నీ కలిపి దాదాపు 42,000 మంది మనుషులు. ఎక్కువ మంది నావికులే. అందరికీ పైఅధికారి వైస్ అడ్మిరల్ బ్లాండీ.

మొదటి బాంబు పేరు ఏబుల్. రెండోది బేకర్. ఇవి మనుషుల పేర్లు కావు. రేడియోలో ఏ, బీ అక్షరాలు తికమక పడకుండా అప్పట్లో పలికే పద్ధతి అది.

ఏబుల్ జులై 1న విమానం నుంచి వేశారు. గురి సరిగ్గా కనబడాలని నెవాడాకి ఎర్రటి నారింజ రంగు పూశారు. అయినా బాంబు దాదాపు 650 మీటర్లు పక్కకు పోయింది. ఐదు ఓడలు మునిగాయి. చూడడానికి వచ్చిన విలేకరుల్లో చాలామంది ఇంతేనా అనుకున్నారు. గాలిలో పేలింది కాబట్టి రేడియేషన్ వెదజల్లే విషపు ధూళి చాలా వరకు మబ్బుతో పాటు పైకి పోయింది. నావికులు అదే రోజు మడుగులోకి తిరిగి వెళ్లారు. మిగిలిన ఓడలు కొంచెం కాలాయి, వంగాయి, అంతే. నా లెక్కలో ఇక్కడే అసలు నష్టం జరిగింది. ఏబుల్ చూశాక అందరికీ ధైర్యం వచ్చేసింది.

బేకర్ జులై 25న. ఈసారి బాంబుని ఒక చిన్న ఓడ కింద, నీళ్లలో 27 మీటర్ల లోతున వేలాడదీశారు. నాగసాకి మీద వేసిన రకమే, బలం దాదాపు 23 కిలోటన్నులు, అంటే 23 వేల టన్నుల టీఎన్‌టీ మందుగుండు పేలినంత. పేలగానే మడుగులోంచి నీటి స్తంభం లేచింది. దాని ఫోటో మీరందరూ చూసే ఉంటారు. కాలీఫ్లవర్ ఆకారంలో తెల్లటి నీళ్లు, దాని మొదట్లో యుద్ధనౌకలు బొమ్మల్లా ఉంటాయి. అందులో దాదాపు 20 లక్షల టన్నుల నీళ్లున్నాయని అంచనా. లేచిన నీళ్లు తిరిగి పడాలి కదా. పడ్డాయి. పడి, పొగమంచు గోడలా నాలుగు పక్కలకూ దొర్లుతూ ఓడలన్నిటినీ కప్పేశాయి.

బాంబులో పేలే సరుకు ప్లుటోనియం అనే లోహం, అది 6 కిలోలకు పైన ఉంటుంది. అందులో మండేది, అంటే అణువులు చీలిపోయేది, ఒక కిలో. మిగతా 5 కిలోలు ప్లుటోనియంగానే ఉండిపోతుంది. నీళ్లలో పేలితే అది ఎక్కడికి పోతుంది? ఆ మండిన కిలో నుంచి పుట్టిన పదార్థాలు ఎక్కడికి పోతాయి? గాలిలోకి పోవడానికి దారి లేదు. చాలా వరకు ఆ మడుగులోనే, ఆ ఓడల మీదే పడ్డాయి. అమెరికా అణుశక్తి సంఘానికి తర్వాత చాలాకాలం అధ్యక్షుడిగా ఉన్న గ్లెన్ సీబోర్గ్, ప్లుటోనియం కనుక్కున్నవాళ్లలో ఒకడు, బేకర్‌ని ప్రపంచంలో మొదటి అణు విపత్తు అన్నాడు.

సరటోగా ఏడున్నర గంటల పాటు మెల్లగా మునిగింది. టగ్గులు వెళ్లి లాగి ఒడ్డున పెట్టవచ్చు, అంత సమయం ఉంది. కానీ రేడియేషన్ వల్ల దగ్గరికి పోలేకపోయారు. నగాటో నాలుగు రోజులు తేలి, ఒక రాత్రి ఎవరూ చూడకుండా మునిగిపోయింది.

మిగిలిన ఓడల్ని ఏం చేయాలి? ఇక్కడ నావికులు వచ్చారు.

ఓడ మురికైతే కడుగుతాం. ప్రతి నావికుడికీ మొదటి రోజు నేర్పే పని అదే. వాళ్లకూ ఆ ఆజ్ఞే వచ్చింది. ముందు దూరం నుంచి పైపులతో నీళ్లు కొట్టారు. ఏ నీళ్లు? ఆ మడుగు నీళ్లే, ఇంకెక్కడివి! తర్వాత మనుషుల్ని ఎక్కించారు. సబ్బు, సోడా, నురుగు, బ్రష్షులు. ప్రింజ్ యూజెన్ డెక్ మీద నావికులు పొడుగు కర్రల బ్రష్షులతో తోముతున్న ఫోటోలు ఉన్నాయి. ఆ ఫోటోలు చూసినప్పుడు నా చేతులు నాకు గుర్తొస్తాయి. వాళ్లు మామూలు పని బట్టల్లో ఉన్నారు. ఆ ఎండలో ఇంకేం వేసుకుంటారు?

ఎంత తోమినా ఆ విషం పోలేదు. పెయింట్ లోపలికి, చెక్క పగుళ్లలోకి, తుప్పులోకి దిగిపోయింది. ఇంత జరుగుతుందని ముందు ఊహించలేదు కాబట్టి, ఎలా కడగాలి అనే పథకం కూడా ఎవరి దగ్గరా లేదు. అక్కడికక్కడే ఒక్కొక్కటీ ప్రయత్నించి చూశారు. ఆ ప్రయత్నాలన్నీ కుర్రవాళ్ల చేతులతో జరిగాయి.

(సభలో ఒకరు: వాళ్లకి రేడియేషన్ కొలిచే బ్యాడ్జీలు ఇవ్వలేదా?)

మంచి ప్రశ్న. ఇచ్చారు, అందరికీ కాదు. మొత్తం మనుషుల్లో నూటికి 15 మందికి మాత్రమే ఎప్పుడో ఒకప్పుడు ఫిల్మ్ బ్యాడ్జి అందింది. ప్రమాదం ఉందనుకున్న చోటికి వెళ్లే గుంపులో ఒకరిద్దరికి ఇచ్చి, మిగతావాళ్లకూ అంతే తగిలిందని లెక్క వేసుకున్నారు. ఓడ మీద ఇద్దరు పక్కపక్కన పని చేసినా ఒకడు తోముతాడు, ఒకడు కింద బిల్జిలోకి దిగి మురుగు నీళ్లు ఎత్తుతాడు. ఇద్దరిదీ ఒకే డోసు ఎలా అవుతుంది? రాంట్‌జెన్ అంటే రేడియేషన్ కొలత. రోజుకి 0.1 రాంట్‌జెన్ దాటకూడదు అని పరిమితి పెట్టుకున్నారు. ఆ పరిమితి బయట నుంచి ఒంటికి తగిలే కిరణాలకు. ఊపిరితో, నోటితో, గాయంలోంచి లోపలికి పోయేదాన్ని బ్యాడ్జి చెప్పలేదు.

రేడియేషన్ ఉంటే టిక్కుటిక్కుమని మోగే పరికరం, గైగర్ కౌంటర్ సంగతి కూడా చెప్పాలి. అక్కడ వాడిన కౌంటర్లు బీటా, గామా కిరణాలను పట్టుకుంటాయి. ప్లుటోనియం నుంచి వచ్చేది ఆల్ఫా. ఒక కాగితం అడ్డం పెట్టినా ఆగిపోతుంది, అందుకే ఆ కౌంటర్లకు అందదు. బయట చర్మం మీద ఉన్నంతసేపు పెద్ద హాని చేయదు. లోపలికి పోయి ఎముకలోనో ఊపిరితిత్తిలోనో కూర్చుంటే ఏళ్ల తరబడి అక్కడే కాలుస్తుంది. అంటే కౌంటర్ పట్టుకున్న మనిషి ఫరవాలేదు, పని చేయండి అన్నప్పుడు అబద్ధం చెప్పలేదు. అతని చేతిలో ఉన్న పరికరానికి ఆ ప్రమాదం కనిపించదు.

రేడియేషన్ భద్రతకు బాధ్యుడు కల్నల్ స్టఫోర్డ్ వారెన్ అనే డాక్టరు. యుద్ధకాలంలో బాంబు తయారీలో కూడా ఆ పనే చేశాడు. పని ఆపేయాలని ఆయన పోరుతూనే ఉన్నాడు. కొందరు అధికారులు రేడియేషన్‌కి భయపడడం మగతనం కాదన్నట్టు ప్రవర్తిస్తున్నారని బాధపడ్డాడు. కంటికి కనిపించని దాన్ని ఎలా నమ్మించాలి? చివరికి ఒక చేప ఆయనకు సాయం చేసింది.

మడుగులో పట్టిన ఒక సర్జన్ ఫిష్‌ని ఫోటో ఫిల్మ్ మీద పడుకోబెట్టారు. ఎక్స్‌రే యంత్రం లేదు, లైటు లేదు. ఫిల్మ్ కడిగి చూస్తే చేప బొమ్మ వచ్చింది. కడుపులో ఒక తెల్లటి ముద్ద, అది తిన్న నాచు. దాని చుట్టూ చేప ఆకారం, పొలుసుతో సహా. తన ఎక్స్‌రే తానే తీసుకున్న చేప! పొలుసు బొమ్మ ఎందుకు పడిందంటే, ప్లుటోనియం కాల్షియంలాగా నటించి శరీరంలో చేరిందని అర్థం చేసుకున్నారు. ఆ ఫిల్మ్ చూశాక బ్లాండీ ఆగస్టు 10న శుభ్రం చేసే పని ఆపించేశాడు. మూడో పరీక్ష కూడా రద్దయింది. బేకర్ పేలి అప్పటికి 16 రోజులు. ఆ 16 రోజుల్లో డెక్ తోమినవాళ్లు తోమేశారు, స్నానాలు చేసినవాళ్లు చేసేశారు.

నేను మొదట చెప్పిన ఎవాపరేటర్ దగ్గరికి ఇప్పుడు వస్తున్నాను. ఇంతవరకు చెప్పింది లక్ష్యం ఓడల సంగతి. వాటి మీద పగలు పని చేసి, సాయంత్రం నావికులు తమ సొంత ఓడలకి వెళ్లిపోయేవారు. అక్కడే తిండి, అక్కడే నిద్ర. బాంబు పేలినప్పుడు ఆ ఓడలు మైళ్ల దూరంలో ఉన్నాయి. వాటికి దెబ్బే తగల్లేదు. కానీ తర్వాత అదే మడుగులో లంగరు వేశాయి. పంపులు ఆన్ చేశాయి. కండెన్సర్లలోకి, ఎవాపరేటర్లలోకి ఆ నీళ్లే వచ్చాయి. అడుగున నాచు దాన్ని పీల్చుకుంది. తాగడానికి వచ్చిన నీళ్లు దాదాపు శుభ్రంగానే ఉన్నాయి, ఎందుకంటే ఎవాపరేటర్ పనే అది, చెడ్డదాన్ని వెనక పట్టి ఉంచడం. ఆ పట్టి ఉంచినది స్కేల్‌లో చేరింది. కొద్ది రోజులకే ఓడ గోడ పక్కన, నీటి మట్టం కింద పడుకునేవాళ్ల మంచాల దగ్గర కూడా కౌంటర్లు మోగడం మొదలుపెట్టాయి. అలా చాలా సహాయక ఓడలు కలుషితమయ్యాయి. వాటిని అమెరికా రేవులకి తీసుకెళ్లి, అడుగున ఇసుక కొట్టి, గొట్టాల్లో యాసిడ్ పోసి కడిగించారు.

ఎవరు కడిగారు అన్నది నేను అడిగే ప్రశ్న. ఆ స్కేల్ ఊడదీసిన ఫైర్‌మన్, అంటే ఇంజన్ రూము కుర్రవాడికి ఆ పొడి ఏమిటో ఎవరైనా చెప్పారా? నేను ఆ పొడి ఉమ్మేసి టీ తాగడానికి పోయేవాణ్ణి. అతను కూడా అంతే చేసి ఉంటాడు.

లక్ష్యం ఓడలు చాలా వాటిని ముంచేశారు. ప్రింజ్ యూజెన్‌ని మార్షల్ దీవుల్లోనే ఉన్న క్వాజలీన్‌కి లాక్కెళ్లారు. లీకు పడినా రేడియేషన్ వల్ల బాగు చేయలేక, ఆ డిసెంబరులో బోర్లా పడిపోయింది. ఇప్పటికీ అక్కడే ఉంది. ఇండిపెండెన్స్‌ని శాన్ ఫ్రాన్సిస్కోలోని హంటర్స్ పాయింట్ యార్డుకి తెచ్చి ప్రయోగాలు చేసి, 1951లో సముద్రంలో ముంచారు. ఆ యార్డు నేలను శుభ్రం చేసే పని ఇన్నేళ్లయినా ఇంకా సాగుతోంది.

మనుషుల సంగతి ఏమైంది? ఇంటికి వెళ్లారు. అక్కడ చూసినది ఎవరికీ చెప్పకూడదని వాళ్ల మీద కట్టడి ఉంది. భార్యకి చెప్పకూడదు. జబ్బు చేసి డాక్టరు దగ్గరికి పోతే, అయ్యా నేను ఫలానా చోట పని చేశాను అని చెప్పడానికి కూడా భయం. ఆ కట్టడిని అమెరికా కాంగ్రెసు ఎత్తేసింది 1996లో. 18 ఏళ్లకి బికినీ వెళ్లిన కుర్రవాడికి అప్పటికి 68 ఏళ్లు.

కోర్టుకి పోదామంటే, సైన్యంలో ఉద్యోగం చేస్తూ తగిలిన హానికి ప్రభుత్వం మీద దావా వేయకూడదని 1950లోనే సుప్రీంకోర్టు తీర్పు ఉంది. ఫెరెస్ కేసు అంటారు. నష్టపరిహారం అడిగితే, నీకు ఎంత డోసు తగిలిందో చూపించు అన్నారు. బ్యాడ్జి ఇవ్వనివాణ్ణి పట్టుకుని డోసు చూపించమనడం! నాకు ఈ మొత్తం కథలో అన్నిటికంటే కోపం తెప్పించేది ఇదే. బాంబు వేసినప్పుడు తెలియదన్నారు, సరే, కొంతవరకు నిజంగా తెలియదు. కానీ ముప్పై నలభై ఏళ్ల తర్వాత కూడా, కొలవనిదాన్ని సున్నాగా లెక్క కట్టడం తెలియక చేసిన పని కాదు.

1979లో ఓర్విల్ కెల్లీ అనే మాజీ సైనికుడు ఈ పరీక్షల్లో పని చేసినవాళ్లందరికీ ఒక సంఘం పెట్టాడు. ఆయన ఆర్మీ మనిషి, 1958లో మార్షల్ దీవుల్లోనే ఉన్న ఎనివెటాక్‌లో పేలుళ్లు చూసినవాడు. అప్పటికే క్యాన్సర్‌తో ఉన్నాడు. మరుసటి ఏడాది చనిపోయాడు. వాళ్ల పోరాటంతోనే 1988లో చట్టం వచ్చింది. పరీక్షలో పాల్గొని, జాబితాలో ఉన్న 13 రకాల క్యాన్సర్లలో ఏదైనా వస్తే డోసు రుజువు చేయక్కర్లేదు అని. 1990లో ఇంకో చట్టంతో 75,000 డాలర్ల పరిహారం పెట్టారు.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. క్రాస్‌రోడ్స్ నావికుల మరణాల మీద 1996లో అమెరికా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ పెద్ద అధ్యయనం ప్రచురించింది. బికినీ వెళ్లిన దాదాపు 40,000 మంది నావికులను, వెళ్లని అలాంటి నావికులతో పోల్చారు. వెళ్లినవాళ్లలో మరణాలు దాదాపు నూటికి ఐదు వంతులు ఎక్కువ. కానీ రేడియేషన్ అనగానే మనకు గుర్తొచ్చే లుకేమియాలో, అంటే రక్త క్యాన్సర్‌లో, చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కాబట్టి ఈ పెరుగుదల రేడియేషన్ వల్లే అని వాళ్లు తేల్చలేదు. దీన్ని దాచి మాట్లాడితే నేను ఆ నావికులకు మేలు చేసినట్టు కాదు. బికినీ వెళ్లిన ప్రతివాడి జబ్బూ బాంబు వల్లే అని నేను అనను. ఎవరిది ఎందువల్ల అని తేల్చే ఆధారం ఆనాడే తీసి పెట్టాల్సింది, తీయలేదు. అదే నా ఆరోపణ.

అలాంటి ఆధారం చాలా ఆలస్యంగా ఒక చోట దొరికింది. బ్రిటన్ 1957, 58లో క్రిస్మస్ దీవి, మాల్డెన్ దీవి దగ్గర హైడ్రోజన్ బాంబులు పరీక్షించింది. న్యూజిలాండ్ నౌకలు పుకాకి, రోటోయిటి అక్కడ వాతావరణం కొలిచే పనిలో ఉన్నాయి, 551 మంది నావికులు. యాభై ఏళ్ల తర్వాత న్యూజిలాండ్‌లోని మాసీ యూనివర్సిటీ వాళ్లు, వాళ్లలో 50 మంది రక్తం తీసుకుని క్రోమోజోములు చూశారు. ముక్కలు విరిగి తప్పు చోట అతుక్కున్న క్రోమోజోములు, ఆ పరీక్షలకు వెళ్లనివాళ్లతో పోలిస్తే దాదాపు మూడు రెట్లు ఉన్నాయి. జేబులో బ్యాడ్జి ఉన్నా లేకపోయినా ఒంట్లో గుర్తు ఉండిపోయింది.

బ్రిటన్‌దే ఇంకో ఓడ డయానా. 1956లో ఆస్ట్రేలియా పక్కన మాంటీ బెల్లో దీవుల పరీక్షల్లో, దాన్ని కావాలనే విషపు ధూళి పడుతున్న దారిలోంచి నడిపించారు. బికినీలో తెలియక జరిగింది, పదేళ్ల తర్వాత తెలిసి చేశారు.

బికినీ నుంచి నౌకాదళాలు ఒకటి బాగానే నేర్చుకున్నాయి. ధూళి ఎండి అతుక్కున్నాక కడిగితే పోదు కాబట్టి, పడకముందే ఓడ అంతటా నీళ్లు పారుతూ ఉండాలి అని. ఓడ పై భాగమంతా స్ప్రింక్లర్ గొట్టాలు వేసి, ఓడని నీటి తెరలో నడిపిస్తారు. 1954లో బికినీలోనే బ్రావో పరీక్షప్పుడు అమెరికా ఓడలు దీన్ని వాడుకున్నాయి. ఆ బ్రావో 15 మెగాటన్నులు, అంటే 15,000 కిలోటన్నులు, అనుకున్నదానికి రెండున్నర రెట్లు. అదే రోజు ఆ చుట్టుపక్కల చేపలు పడుతున్న జపాన్ పడవ లక్కీ డ్రాగన్‌కి స్ప్రింక్లర్లు లేవు. అందులో 23 మంది. వాళ్ల మీద తెల్లటి బూడిద గంటల తరబడి కురిసింది, అది కాలిన పగడపు పొడి. ఏం పడుతోందో తెలియక కొందరు నాలుక మీద వేసుకుని చూశారట. రేడియో ఆపరేటర్ కుబొయామా ఆ సెప్టెంబరులో చనిపోయాడు. మన ప్రధాని నెహ్రూ ఆ ఏప్రిల్ 2న లోక్‌సభలో, ఇలాంటి పరీక్షలు ఎక్కడివక్కడ ఆపేయాలని అడిగింది ఈ బ్రావో పేలుడు తర్వాతే.

సమయం అయిపోయిందని సైగ చేస్తున్నారు. ఇంకెవరైనా అడుగుతారా?

(ఒక విద్యార్థిని: సర్, ఆ నావికులకు గుర్తింపు ఏమైనా దొరికిందా?)

దొరికిందమ్మా. అమెరికాలో వాళ్ల కోసం ఒక పతకం పెడుతూ 2021 డిసెంబరులో చట్టం చేశారు. బ్రిటన్ 2022 నవంబరులో ప్రకటించింది, అందులో న్యూజిలాండ్, ఫిజీ నావికులు కూడా వస్తారు. బికినీకి 18 ఏళ్లకి వెళ్లినవాడు బతికి ఉంటే, ఆ అమెరికా చట్టం వచ్చేనాటికి 93 ఏళ్లు. చనిపోయినవాళ్ల తరఫున ఇంట్లోవాళ్లు దరఖాస్తు పెట్టుకోవచ్చు. పెట్టుకుంటున్నారు కూడా.